సాపేక్షతా పారడాక్సుల్లో (పైకి పొసగనట్టు కనిపించే చిక్కుల్లో) ఇద్దరు పరిశీలకులు వేర్వేరు కారణాలు చెబితే ఎవరిది నిజం?

మీరు అడిగిన చిక్కు ఇదీ: కాంతివేగానికి దగ్గరగా రాకెట్లో వెళ్తున్నవాడు "నా గడియారం సరిగ్గానే ఉంది, దారే పొట్టిదైంది" అంటాడు. నేల మీదివాడు "దారి ఎంతుందో అంతే ఉంది, వాడి గడియారమే మందగించింది" అంటాడు. మరి అసలు జరిగిందేమిటి?

డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు మెకానిక్స్ పేపర్లో ఐన్‌స్టైన్ ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. మైకెల్సన్-మోర్లే ప్రయోగమూ, లోరెంజ్ సమీకరణాలూ పరీక్షకు చక్కగా రాసేవాళ్లు కూడా ఇక్కడికొచ్చి ఆగిపోతారు. ఆగాలి కూడా. ఈ మెలిక దగ్గర ఇబ్బంది పడనివాళ్లకు ఈ పాఠం ఇంకా మొదలవ్వలేదనే అనుకుంటాను.

క్లాసులో నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఎవరు ఏ కారణం చెబుతున్నారన్నది పక్కన పెట్టి, ఇద్దరూ ఒప్పుకుని తీరాల్సిన సంగతులు ముందు బోర్డు మీద రాయిస్తాను. ఒకే చోట, ఒకే క్షణాన జరిగేవి ఎవరు చూసినా మారవు: కణం డిటెక్టర్లో పడడం, దారం తెగడం, ఇద్దరు ఎదురైనప్పుడు వాళ్ల చేతి గడియారాలు చూపిస్తున్న టైము. పొడవెంత, ఎవరి గడియారం నెమ్మది, దూరంగా ఉన్న రెండు ఘటనలు ఒకేసారి జరిగాయా అన్నవి చూసేవాళ్ల వేగాన్ని బట్టి మారతాయి. పారడాక్సులన్నీ ఈ రెండో రకాన్ని మొదటి రకం అనుకోవడం వల్లే పుడుతున్నాయి.

మ్యుయాన్లతో (ఆకాశం నుంచి దూసుకొచ్చే, కొద్దిసేపే బతికే అతి చిన్న కణాలతో) మొదలుపెడతాను, ఎందుకంటే ఇది నిజంగా కొలిచిన లెక్క. 1963లో ఫ్రిష్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద, సుమారు 1,900 మీటర్ల ఎత్తులో, ఒక వేగం పరిధిలో ఉన్న మ్యుయాన్లను లెక్కపెట్టారు. గంటకు 563 దాకా వచ్చాయి. ఇవి సగటున 2.2 మైక్రోసెకన్లు బతుకుతాయి. కొండెత్తు దిగడానికి వీటికి 6.4 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, కింద గంటకు 27 మించి మిగలకూడదు. సముద్రమట్టానికి దగ్గరగా, అమెరికాలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో లెక్కపెడితే 400 పైచిలుకు తేలాయి. "వాటి గడియారం దాదాపు తొమ్మిదో వంతు వేగంతో నడిచింది" అంటాం మనం. "మా గడియారానికేం కాలేదు, ఆ కొండే రెండు వందల మీటర్ల చిల్లరకు కుదించుకుపోయింది" అంటుంది మ్యుయాన్. కింద ఎన్ని పడ్డాయన్న దగ్గర మాత్రం తగువే లేదు.

అసలు మజా నిచ్చెన-షెడ్డు లెక్కలో ఉంది. నా క్లాసులో ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. నిచ్చెన 10 మీటర్లు, షెడ్డు 8 మీటర్లు. షెడ్డుకు ముందూ వెనకా తలుపులు. నిచ్చెన కాంతివేగంలో 60 శాతంతో దూసుకొస్తోంది. ఆ వేగంలో పొడవు 1.25 వంతున తగ్గుతుంది కాబట్టి, షెడ్డు కాపలాదారుకు నిచ్చెన 8 మీటర్లే. రెండు తలుపులూ ఒక్కసారి మూసి, వెంటనే తెరుస్తాడు. నిచ్చెన మొత్తం లోపల పట్టింది. ఇప్పుడు నిచ్చెన మీద కూర్చున్నవాడి సంగతి చూడండి. వాడికి నిచ్చెన 10 మీటర్లే. ఎదురొస్తున్న షెడ్డు మాత్రం 6.4 మీటర్లకు తగ్గిపోయింది. 3.6 మీటర్లు బయట మిగలాలి. తలుపులెలా మూసుకున్నాయి?

వాడి లెక్కలో రెండు తలుపులూ ఒకేసారి మూసుకోలేదు. అవతలి తలుపు ముందు మూసుకుని తెరుచుకుంది, ఇవతలిది దాదాపు 20 నానోసెకన్ల తర్వాత మూసుకుంది. ఆ వ్యవధిలో కాంతి 6 మీటర్లు పోతుంది. షెడ్డు అందులో 60 శాతం, అంటే 3.6 మీటర్లు ముందుకొస్తుంది. బయట మిగిలిన ముక్క సరిగ్గా అంతే! ఈ అంకె బోర్డు మీద తేలినప్పుడు క్లాసులో వినిపించే ఆ "అబ్బ!" కోసమే ఈ పాఠం చెప్పడం నాకింత ఇష్టం. పొడవు తగ్గడం, కాలం సాగడం అందరికీ గుర్తుంటాయి. ఏకకాలికత, అంటే రెండు ఘటనలు ఒకేసారి జరిగాయా అన్నది, మారుతుందన్న మూడో సంగతి మర్చిపోతారు. మీ ప్రశ్నలోనూ లోపించింది అదే.

ఒకసారి ఒక అమ్మాయి లేచి, "అవతలి తలుపు తెరవకుండా గట్టిగా బిగించేస్తే?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! నిచ్చెన కొన తలుపుకు గుద్దుకుంటుంది. ఆ దెబ్బ కబురు నిచ్చెన వెనక కొసకు చేరాలంటే, కాంతివేగంతో వెళ్లినా నిచ్చెనవాడి లెక్కలో 33 నానోసెకన్లు కావాలి. వెనక కొస 20 నానోసెకన్లకే షెడ్డు లోపలికి వచ్చేస్తుంది. ముందు కొన ఆగిపోయిన సంగతి వెనక కొసకు తెలిసేలోపే పని అయిపోతుంది. నిచ్చెన నుజ్జవుతుంది, అది వేరే మాట. అస్సలు వంగని, నలగని వస్తువంటూ సాపేక్షతలో ఉండదని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

ఇక కవలల పారడాక్సు: ఒకడు ఇంట్లో ఉంటాడు, రెండోవాడు వేగంగా ప్రయాణించి తక్కువ వయసుతో తిరిగొస్తాడు. ఎదుటివాడే కదిలాడని ఇద్దరూ అనొచ్చు కదా, మరి ఒక్కడే ఎందుకు చిన్నవాడవ్వాలి అన్నదే చిక్కు. అంకెలు ఇవీ. లవుడు ఇంట్లో, కుశుడు అదే 60 శాతం వేగంతో 3 కాంతి సంవత్సరాలు వెళ్లి వెనక్కి. ఇంట్లో 10 ఏళ్లు, ఓడలో 8 ఏళ్లు. ఇద్దరూ తమ గడియారం ప్రకారం ఏడాదికో సందేశం పంపుకుంటారనుకోండి. దూరమవుతుంటే రెండేళ్లకొకటి అందుతుంది, దగ్గరవుతుంటే ఏడాదికి రెండు. కుశుడు పోయేటప్పటి 4 ఏళ్లలో రెండు, వచ్చేటప్పటి 4 ఏళ్లలో ఎనిమిది అందుకుంటాడు. మొత్తం పది. కుశుడు వెనక్కి తిరిగిన వార్త లవుడికి ఎనిమిదో ఏటికి గానీ చేరదు. అప్పటిదాకా నాలుగు, మిగిలిన రెండేళ్లలో నాలుగు. మొత్తం ఎనిమిది. ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదని సందేశాలు లెక్కపెడితేనే తెలిసిపోతోంది: దిశ మార్చుకున్నది కుశుడు ఒక్కడే, ఆ మార్పు అతనికి దారి మధ్యలోనే కనిపిస్తే లవుడికి చివర్లో కనిపిస్తుంది.

ఇక భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ పేరుతో పిలిచే లెక్క. ముందుగా ప్రతిపాదించింది 1959లో డ్యూవన్, బెరన్. రెండు రాకెట్లు ఒకదాని వెనక ఒకటి, మధ్య బిగుతుగా సన్నని దారం. రెండూ ఒకేసారి, ఒకే త్వరణంతో బయల్దేరతాయి. దారం తెగుతుందా? యూరప్‌లోని కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ క్యాంటీన్లో ఇది చర్చకు వచ్చి, అక్కడి సిద్ధాంతవేత్తలను అడిగితే తెగదన్నవాళ్లే ఎక్కువని బెల్ 1976లో రాశాడు. తెగుతుంది. నేల మీదివాడి వివరణ: రాకెట్ల మధ్య దూరం మారలేదు, దారం పొట్టిదవ్వాలని చూసింది, వీలుకాక తెగింది. రాకెట్లో ఉన్నవాళ్ల వివరణ: ముందు రాకెట్ అంతకంతకూ దూరం జరిగింది, దారం సాగి తెగింది. కారణాలు రెండు, దారం ఒక్కటే.

మరి ఏ కారణం నిజం? రెండూ నిజమే అంటాను, మాట దాటేయడానికి కాదు. పొలంలో రెండు హద్దురాళ్ల మధ్య ఎంత తూర్పుకి, ఎంత ఉత్తరానికి అన్నది మీరు ఎంచుకున్న దిక్కుల గీతను బట్టి మారుతుంది, రాళ్ల మధ్య దూరం మారదు. 1908లో గణిత శాస్త్రవేత్త మింకోవ్‌స్కీ చూపించింది దాదాపు ఇదే, ఒక్క తేడాతో: పొలంలో తూర్పు, ఉత్తరం కొలతల వర్గాలను (స్క్వేర్లను) కలుపుతాం, ఇక్కడ కాలం వర్గంలోంచి దూరం వర్గాన్ని తీసేస్తాం. కుశుడి పోయే ప్రయాణం లవుడి లెక్కలో 5 ఏళ్లు, 3 కాంతి సంవత్సరాలు. 25లోంచి 9 తీస్తే 16. కుశుడి లెక్కలో 4 ఏళ్లు, తను ఓడలోనే కూర్చున్నాడు కాబట్టి కదిలిన దూరం సున్నా. మళ్లీ 16. "గడియారం మందగించింది", "దూరం తగ్గింది" అన్నవి ఆ 16ను చెరో గీత మీద చదవడమే.

చదివి ఊరుకుంటే ఇది నిలవదండీ, కాగితం తీసుకోండి. నిచ్చెన 10 మీటర్లే ఉంచి, వేగం 80 శాతం చేయండి, షెడ్డు 6 మీటర్లు పెట్టండి. నిచ్చెనవాడి లెక్కలో షెడ్డు ఎంతకు తగ్గుతుంది, తలుపుల మధ్య ఎన్ని నానోసెకన్ల తేడా వస్తుంది, ఆలోగా షెడ్డు ఎంత జరుగుతుంది? చివరికి 6.4 మీటర్లు తేలాలి. తేలకపోతే మీరు వేసిన అంకెలు పంపండి, కలిసి చూద్దాం.