మడులు అప్పుడే ఖాళీ చేయకు

గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశానమ్మా. సొర, బీర పిందెలు వేలెడంత కాకముందే పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి. ఎరువు చాల్లేదేమోనని ఇంకో గుప్పెడు వెయ్యకు. ఆడపువ్వుకు పుప్పొడి అందకపోతే పిందె అలాగే రాలుతుంది. విజయవాడ పటమటలో మూడంతస్తుల పైకి తేనెటీగ ఎక్కి రావాలంటే అక్కడ దానికి తిండి దొరకాలి కదా. నీ మేడ మీద చూస్తే ఆకుకూరలే ఎక్కువ, పువ్వన్నది తక్కువ.

మాఘం వెళ్లేసరికి అందరూ చేసే పని ఒకటుంది. కొత్తిమీర ముదిరిందని, ముల్లంగి బెండు పట్టిందని పీకేసి, వేసవి విత్తనాలకు మడులు శుభ్రం చేస్తారు. నువ్వు ఆ పని చేయకు. సగం మడి అయినా పూతకు వదిలెయ్యి. కొత్తిమీర తెల్లపూత మీద చిన్న తేనెటీగలు ఎలా ముసురుతాయో నువ్వే చూస్తావు. వాటితోపాటు పసుపు, నలుపు చారల ఈగ ఒకటి వస్తుంది, గాలిలో ఒకేచోట నిలబడి ఎగురుతుంది. అది కుట్టదు. దాని పిల్లపురుగులు మొక్కల రసం పీల్చే పేనుబంకను తింటాయి. అంటే ఈ పూత నీకు పురుగుమందు ఖర్చు కూడా తగ్గిస్తుంది. ముల్లంగినీ, నాలుగు ఆవ మొక్కలనూ అలాగే వదిలెయ్యి. తులసికి వెన్నులు తుంచడం మన అలవాటు. పూజకు ఒక కుండీ ఉంచుకుని, మరో కుండీలో తుంచకుండా పూయనివ్వు. సబ్జా అయితే ఇంకా మంచిది.

పూలమొక్కలు కొంటే ఒంటిరెక్క రకాలు తెచ్చుకో. ముద్దబంతి దండకు అందమే గానీ, రెక్కలు అంత ఒత్తుగా ఉంటే ఈగకు లోపల అందేది తక్కువ. ఒక్కో రకం ఒక్కో కుండీ కాకుండా, ఒకే రకం నాలుగైదు కుండీలు పక్కపక్కన పెట్టు. తేనెటీగ ఒక తిరుగుడులో ఎక్కువగా ఒకే రకం పువ్వుల మీద పనిచేస్తుంది. ఉగాదినాటికి వీధుల్లో వేప, కానుగ పూస్తే తేనెటీగలకు తిండికి కొదవ ఉండదు. నీ మేడ దారి వాటికి అంతకుముందే తెలియాలి.

తేనెటీగలు తాగడానికి వెడల్పాటి మట్టిమూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్ల తలలు పైకి తేలేలా నీళ్లు పొయ్యి. లోతు గిన్నె పెడితే ఈగలు మునిగిపోతాయి. మన ఎండలకు ఆ నీళ్లు మధ్యాహ్నానికే ఆవిరవుతాయి, రోజూ చూసుకో. దోమలు పెరగకుండా రోజూ నీళ్లు మార్చు.

వంగ సంగతి వేరు. దాని పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఉంటుంది, చివర చిన్న రంధ్రం. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి కిందికి రాలుతుంది. తేనెటీగకు ఈ పని చేతకాదు. టమాటాకూ ఈ అదురు మేలు చేస్తుంది. పందిరి వెదురుకు తుమ్మెద రంధ్రం చేసిందని ఆ బొంగు మార్చకు, అది దాని ఇల్లు. నల్లగా, పెద్దగా ఉందని భయపడకు. దాని జోలికి పోనంతవరకు అది నీ జోలికి రాదు.

మందుల విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. మా గుంటూరు వైపు మిరప చేలకు కొట్టే మందులనే మేడ మీదికీ తెచ్చుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క అంతటా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరతాయి. షాపువాడు ఏం చెప్పినా కొనకు. వేపనూనె కూడా పొద్దుగూకాకే, ఆకుల అడుగున మాత్రమే కొట్టు. విచ్చిన పువ్వు మీద పడనివ్వకు. బీర, సొర సాయంత్రమే విచ్చుకుంటాయి కాబట్టి వాటి దగ్గర మరీ జాగ్రత్త. సొరపువ్వు మీదికి రాత్రిళ్లు రెక్కలపురుగులు వస్తాయి, మేడ మీద లైటు అనవసరంగా వెలగనివ్వకు.

ఈగలు అలవాటు పడేదాకా నువ్వే చెయ్యి కలపాలి. కింద బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. సొరకు చీకటిపడే వేళ, గుమ్మడికి తెల్లవారుజామున, మగపువ్వు తెంపి రెక్కలు వెనక్కి మడిచి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయి.

మీ అపార్ట్‌మెంట్ నీళ్లట్యాంకు కింద పెద్ద తేనెపట్టు ఉందని, కాల్పించేద్దామంటున్నారని రాశావు. కాల్చనివ్వకమ్మా. అవి కొండతేనెటీగలు అయితే కాలం మారగానే వాటంతట అవే లేచిపోతాయి. అంతవరకు పిల్లల్ని అటు పంపకు, పొగ పెట్టనివ్వకు, రాత్రి దాని మీద వెలుగు పడకుండా చూడు. అది దారికి అడ్డంగా ఉంటే, ఈగల్ని చంపకుండా పట్టు తీసేవాళ్లను వెతికి పిలిపించమని మీ సంఘంవాళ్లకు చెప్పు.

ఇట్లు,
మావయ్య