వారం రోజులు ఒకే తరగతి గదిలో కూర్చుని చూడమ్మా

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర పల్లె. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసైనాను. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు కావాలని నాకు చాలా రోజులుగా ఉంది. మా నాయన బీటెక్‌లో చేరమంటున్నాడు. "అఆలు దిద్దించేదానికి ఇంత ఆశ దేనికి?" అంటాడు. మా పెదనాయన కూతురేమో ముందు డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చేస్తే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడైనా చెప్పచ్చు అంటోంది. అసలు ప్రైమరీ స్కూల్లో వారమంతా ఏం చేస్తారు? ఆ పని నాకు సరిపోతుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

జవాబు:

అమ్మా, ముందు మీ అక్క మాట తేల్చేద్దాం. ఎందుకంటే ఆ మాట పట్టుకుని చేరితే నాలుగైదేళ్లు పోయాక గానీ పొరపాటు తెలియదు. బీఈడీ చేసినవాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పవచ్చని 2018లో టీచర్ల శిక్షణకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. దాన్ని రాజస్థాన్ హైకోర్టు కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే విద్య వేరు, దానికి వేరే శిక్షణ కావాలన్నదే అందులోని సారాంశం. కాబట్టి ప్రైమరీలో ఎస్‌జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ప్రభుత్వ టీచరు, కావాలంటే నీకు కావాల్సింది డీఈఎల్‌ఈడీ. మన ఊళ్లలో ఇప్పటికీ డీఎడ్ అంటారు. చిన్న తరగతుల టీచర్ల కోసం ఉన్న రెండేళ్ల డిప్లొమా కోర్సు. బీఈడీ హైస్కూలు పోస్టులకు. రెండూ ఒకటి కాదు.

ఇక మీ నాయన మాట. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. మనలో చాలామందికి ఒకటో తరగతి టీచరంటే గుర్తుకొచ్చేది పలక, బలపం, బెత్తం. ఆ గదిలో ఇప్పుడు ఏం జరుగుతుందో పెద్దవాళ్లు చూసి ఎన్నో ఏళ్లయి ఉంటుంది. నీ దగ్గరకొచ్చే ప్రతి సలహాకూ, నాదానికి కూడా, ముందు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారిని అడిగి, సోమవారం నుంచి శనివారం దాకా ఒకే తరగతిలో వెనక చాప మీద కూర్చో. ఒక్కరోజు కాదు, వారం. ఒక్కరోజు చూస్తే పాటలు, గోల, మధ్యాహ్న భోజనం, అంతే కనిపిస్తాయి. వారం చూస్తే పని కనిపిస్తుంది.

నేను అట్లా ఒక వారం కూర్చున్నాను, తిరుపతికి కొంచెం దూరంలో ఉన్న ఒక బడిలో. రెండు, మూడు తరగతులు కలిపి ఒకే గది, ఒకే టీచరమ్మ. మన జిల్లాల్లో ఇది మామూలే. చాలా చిన్న బడుల్లో ఐదు తరగతులను ఒకరో ఇద్దరో చూసుకుంటారు. ఒక వైపు పిల్లలు రాసుకుంటుంటే ఇంకో వైపు వాళ్లకు కథ చెప్పాలి. ఆ నేర్పు అలవడడానికి ఏళ్లు పడుతుంది.

సోమవారం పిల్లలు తక్కువ. ఆదివారం చుట్టాలింటికి పోయినవాళ్లు ఇంకా రాలేదు. వచ్చినవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, ఆమె బొమ్మల కార్డులు తీసింది. మేక బొమ్మ చూపించగానే ఒక పిల్ల "ఆడు" అంది. మిగతావాళ్లు ఒకటే నవ్వు. మనకు "ఆడు" అంటే ఆటాడమని కదా. ఆ పిల్ల తల దించుకుంది. వాళ్లది నగరి వైపు, ఇంట్లో అరవం. అరవంలో మేకను ఆడు అంటారు. టీచరమ్మ "తప్పు" అనలేదు. "వాళ్లింట్లో ఆడు అంటారంట. మీ ఇంట్లో ఏమంటారు?" అని వెనక కూర్చున్న పిల్లవాడిని అడిగింది. వాడు "బక్రీ" అన్నాడు. బోర్డు మీద ఆ రెండు మాటలూ రాసి, మధ్యలో పెద్ద అక్షరాలతో "మేక" అని రాసింది. ఆ రోజు నేర్పిన అక్షరం "మే". తల దించుకున్న పిల్లే ముందుకొచ్చి దిద్దింది.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు బడుల్లో పనిచేసేవాళ్లకు ఇది నిత్యం ఎదురయ్యే సంగతి. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి. ఇంటి మాటను అవమానించకుండా బడి మాట దగ్గరకు పిల్లను తీసుకురావడం ఏ గైడు పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. నీకు కాస్తో కూస్తో అరవం వస్తే, దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఈ ఉద్యోగంలో అది నీకు ఆస్తి.

మంగళవారం సంగతి కొంచెం వివరంగా చెప్తాను. నువ్వు ఎంపీసీ చదివినదానివి, నీకు బాగా పడుతుంది.

తీసివేతలు జరుగుతున్నాయి. బోర్డు మీద 52 లోంచి 27. ఒక పిల్లవాడు 35 అని రాసి పలక పైకెత్తి చూపించాడు, ధీమాగా. మనమైతే ఇంటూ మార్కు కొట్టేస్తాం. ఆమె వాడి పక్కన కింద కూర్చుని, "ఎట్లా చేసినావో చెప్పు నాయనా" అంది. "ఏడులో రెండు పోతే ఐదు, ఐదులో రెండు పోతే మూడు" అన్నాడు. చూశావా, వాడికి తీసివేత వచ్చు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు.

ఆమె చీపురు పుల్లల డబ్బా తెచ్చింది. పదేసి పుల్లలు కట్ట కట్టి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, "ఇందులో నాకు ఇరవై ఏడు ఇయ్యి" అంది. రెండు కట్టలు ఇచ్చాడు. ఇంకా ఏడు కావాలి. ఉన్న రెండు పుల్లలూ ఇచ్చి, ఇంక లేవన్నట్టు ఆమె మొహం చూశాడు. ఆమె ఉలకలేదు, పలకలేదు. పక్కన పిల్ల చెప్పబోతే పెదాల మీద వేలు పెట్టి ఆపింది. నాకే ఆత్రంగా ఉంది, చెప్పేస్తే పోతుంది కదా అని. చాలాసేపటికి వాడే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగాడు. పుల్లలు చెల్లాచెదురయ్యాయి. అందులో ఐదు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి, మిగిలినవి ఏరుకుని, "ఇరవై ఐదు!" అని అరిచాడు.

మనం 5 కొట్టేసి పైన 4 రాసి, పక్కనున్న 2ని 12 చేస్తామే, ఆ గుర్తు వెనక ఉన్నది ఆ విప్పిన కట్టే. ఆమె ఆ రోజు దాన్ని బోర్డు మీద రాయలేదు. బుధవారం రాసింది. మధ్యలో ఒక రాత్రి గడవనిచ్చింది. పుల్లలు ఎప్పుడు చేతికివ్వాలో, ఎప్పుడు పక్కన పెట్టించాలో తెలియడమే ఈ విద్య. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలి, మామూలు లెక్కలు చేయాలి అని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026-27 కల్లా అది నెరవేరాలన్నది లక్ష్యం. ఐదో తరగతిలో, ఎనిమిదో తరగతిలో లెక్కలంటే భయపడే పిల్లల్లో చాలామంది తప్పిపోయింది ఈ పుల్లల దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను. నా దగ్గరకు ఇంటర్ ఫెయిలై వచ్చే పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ కలిగిన నమ్మకం ఇది.

గురువారం పరిసరాల విజ్ఞానం. బడి చుట్టూ తిరిగి ఆకులు ఏరుకొచ్చి, అంచులు ఎట్లా ఉన్నాయో చూసి జతలు పెట్టారు. శుక్రవారం ఒక్కొక్కరినీ పిలిచి చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో ఆమె తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఒకరికి ఒత్తులు, ఒకరికి "కి"కీ "కీ"కీ తేడా. వచ్చే సోమవారం ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో ఆ పుస్తకాన్ని బట్టే. శనివారం బడిసంచి లేని రోజు. బంకమట్టితో బండ్లు, పాములు చేశారు, పాటలు పాడారు, తొక్కుడుబిళ్ల ఆడారు. తొక్కుడుబిళ్ల గళ్లలో కూడా ఆమె అంకెలు వేయించింది.

కష్టమైన సంగతులు కూడా చెప్పాలి. భోజనం వడ్డించేటప్పుడు దగ్గరుండాలి. హాజరు, గుడ్లు, ఫొటోలు, అన్నీ ఫోనులో ఎక్కించాలి. సిగ్నలు లేకపోతే మేడ మీదకు పోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. టీచరుకు పాఠానికి సిద్ధమయ్యే సమయంతో కలిపి వారానికి 45 గంటల పని. ఆ టీచరమ్మ రాత్రి ఇంట్లో కార్డులు కత్తిరించుకునేది. సాయంత్రానికి గొంతు పోతుంది. అది నీకు తెలియాలి.

ఇప్పుడు దారి. డీఈఎల్‌ఈడీలో చేరడానికి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం. మన చిత్తూరు జిల్లా ప్రభుత్వ డైట్, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ, కార్వేటినగరంలో ఉంది. మంచి ర్యాంకుతో అక్కడ సీటు తెచ్చుకోవడానికి చూడు. ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే, దానికి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో, చేరినవాళ్లను నిజంగా బడులకు పంపించి పాఠాలు చెప్పిస్తారో లేదో పాత విద్యార్థులను అడుగు. హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇస్తామనే చోటికి పోవద్దు. అక్కడ పోయేది నీ డబ్బు ఒక్కటే కాదు, రేపు నీ ముందు కూర్చునే పిల్లల చదువు కూడా.

తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్, అందులో మొదటి పేపరు. 150 ప్రశ్నలు, 150 మార్కులు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కోదానికి 30. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే అర్హత. ప్రభుత్వ టీచరు పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, అర్హత వచ్చిందని ఆగిపోకుండా మార్కులు పెంచుకోవాలి. ఉద్యోగం వస్తే 2022 వేతన సవరణ ప్రకారం ఎస్‌జీటీ మూలవేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం వేరు.

అయితే డీఎస్సీ ఏటా రాదు. 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ పడింది 2025లోనే. మొత్తం 16,347 పోస్టులు. మధ్యలో ఏడేళ్లు ఎంతమంది ఎదురుచూశారో నేను దగ్గరుండి చూశాను. అందుకే డీఈఎల్‌ఈడీ ఒక్కదానితో ఆగొద్దు. అది పూర్తికాగానే దూరవిద్యలోనైనా గణితం ఉన్న డిగ్రీ చెయ్యి. కేంద్రం పెట్టే టెట్, అంటే సీటెట్, మొదటి పేపరు కూడా రాసుకో. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచరు పోస్టులకు అది పనికొస్తుంది. తిరుపతిలోనూ కేంద్రీయ విద్యాలయాలున్నాయి. ప్రైవేటు బడుల్లో పని దొరుకుతుంది గానీ జీతం చాలాచోట్ల తక్కువ. అది మీ నాయనకు ముందే చెప్పు, దాచొద్దు.

వారం రోజులు కూర్చునేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకో. రోజుకొక బిడ్డను ఎంచుకుని, ఆ బిడ్డ ఏం తప్పు చేసింది, ఎందుకు చేసిందని నీకు తోచింది రాయి. శనివారం సాయంత్రం ఆ పుస్తకం మీ నాయనకు చదివి వినిపించు. ఆ పిల్లవాడికి 35 ఎట్లా వచ్చిందో ఆయన్నే చెప్పమను. చీపురు పుల్లలు ఇంట్లో ఉంటాయి కదా, కట్టలు కట్టి ఆయన ముందు పెట్టు. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని డీఈఈసెట్ దరఖాస్తు తేదీలు చూసుకోండి. నువ్వు రాసుకున్న పేజీలు నాకూ పంపించమ్మా.