బీరపువ్వు విచ్చే వేళకు మిద్దె మీదికి

ధ్యానానికి కూర్చుంటే ఐదు నిమిషాలు కూడా మనసు నిలవడం లేదని మీరన్నారు. మొక్కలు పెంచితే కుదుటపడుతుందని అందరూ చెబుతున్నా, అదీ నెత్తిన ఇంకో పనై కూర్చుంటుందేమోనని భయంగా ఉందన్నారు. మీ భయం నిజమే. నాకు మొదటి ఏడాది అచ్చం అలాగే జరిగింది. అందుకే ముందు అది చెబుతాను.

మాది హైదరాబాద్‌లో నాగోలు వైపు, రెండంతస్తుల ఇల్లు. నేనొక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మార్చి వచ్చిందంటే తిండికీ నిద్రకూ వేళాపాళా ఉండదు. 2019లో అమ్మ పోయింది. ఆ తర్వాత చాలా నెలలు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మందులూ వాడాను. మీకూ అంత ఇబ్బంది ఉంటే డాక్టరును కలవడం మాత్రం మానకండి, తోట దానికి బదులు కాదు.

ఆ రోజుల్లోనే మిద్దె తోటల వీడియోలు చూసి ఒక్క నెలలో నలభై టబ్బులు పెట్టేశాను. టమాట, వంగ, మిర్చి, సొర, కాకర, ఆకుకూరలు, ఏది కనిపిస్తే అది. ఆఫీసు నుంచి రావడం, పైపు పట్టుకుని నలభైకీ నీళ్ళు కొట్టడం, వంటకు కిందికి పరుగెత్తడం. ఒక్క మొక్కనూ నిలబడి చూసింది లేదు. పక్క వీధిలో వాళ్ళకు బుట్టెడు టమాటాలు కాశాయని వింటే నాకెందుకు కాయలేదని దిగులు. మట్టి తడిగా ఉన్నా రోజూ పోస్తూ పోయేసరికి వంగ మొక్కలు వేరు కుళ్ళి పోయాయి. మే నెలలో పెళ్ళికని నాలుగు రోజులు ఊరికెళ్ళి వస్తే సగం టబ్బులు ఎండిపోయి ఉన్నాయి. సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో అమ్మ పెంటకుప్ప పక్కన నాలుగు బీరగింజలు గుచ్చితే చాలు, దడి నిండా అల్లుకునేది. నా చేతికి ఏదీ రావడం లేదని ఆ సాయంత్రం పిట్టగోడ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

తర్వాత పన్నెండు టబ్బులు ఉంచుకుని మిగతావి ఇచ్చేశాను.

అసలు మార్పు ఒక మందారం దగ్గర మొదలైంది. దానికి పిండినల్లి పట్టింది. కొమ్మల గణుపుల్లో, ఆకుల అడుగున దూది అంటించినట్టు తెల్లగా ఉంది. అది కార్చే తీపి జిగురు కోసం చీమలు బారులు కట్టి ఎక్కి దిగుతున్నాయి. లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి కొడదామనుకున్నాను. ముందు చేత్తో తుడిచి తర్వాత కొట్టమని నర్సరీ ఆయన చెప్పాడు. పాత టూత్‌బ్రష్ తీసుకుని ఒక్కో గణుపూ రుద్దుతూ పోయాను. ఆకు తిప్పాలి, ఈనె పక్కన చూడాలి, లేత మొగ్గ విరగకుండా రెండు వేళ్ళ మధ్య పట్టుకోవాలి. తలెత్తి చూసేసరికి చీకటి పడింది. గంట దాటింది. ఆ గంటసేపు ఆఫీసు గుర్తు రాలేదు. రాలేదన్న సంగతి కూడా మెట్లు దిగుతుంటే తెలిసింది.

కళ్ళు మూసుకుని కూర్చుంటే నా తలలో లెక్కలు తిరుగుతూనే ఉంటాయి. వేళ్ళకూ కళ్ళకూ ఒక చిన్న పని ఇస్తే మనసు దాని వెంట పోతుందని నాకు ఆరోజే అర్థమైంది. మీలా కూర్చోలేనివాళ్ళకు ఈ దారే తేలికని నా నమ్మకం. అయితే హడావిడిగా పైపు కొడితే ఇది దొరకదు. కలుపు పీకడం, పండాకులు ఏరడం, మట్టి గుల్ల చేయడం, తీగను తాడుకు ఎక్కించడం, ఇలా వంగి దగ్గరగా చూసి చేసే పనుల్లోనే ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని బీరపాదు దగ్గర. మృగశిర కార్తెలో గింజ పెడితే శ్రావణానికి పూతకొస్తుంది. బీరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది, ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళకు సరిగ్గా సరిపోయే వేళ. మగపూలు గుత్తిగా వస్తాయి. ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది, దాని వెనుక వేలెడంత పిందె ఉంటుంది, ఆ పిందె మీద గీతలు అప్పటికే కనిపిస్తాయి. మా మిద్దె మీదికి ఆ వేళప్పుడు పురుగులు పెద్దగా రావు, పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోయేవి. అందుకని మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దుతాను. మొదటిసారి నేనలా చేస్తుంటే మా అత్తమ్మ స్టూలు మీద కూర్చుని గోంగూర తెంపుతూ, "పువ్వులకు పెండ్లి చేస్తున్నవా బిడ్డా?" అంది. ఇప్పుడు ఏ పువ్వు విచ్చిందో ఆమే ముందు చూసి పిలుస్తుంది. అద్దిన రెండు మూడు రోజులకు పిందె నిగనిగలాడుతూ కిందికి సాగితే నిలిచినట్టే. అది చూసిన రోజు నాకు కలిగే సంతోషం ఇంక్రిమెంటు వచ్చిన రోజు కూడా కలగలేదు. మా బీరకాయ పొట్టుతో మొదటిసారి పచ్చడి నూరినప్పుడు అమ్మ చేతి వాసనే వచ్చింది.

నేను పాటించేవి రెండే. ఫోన్ కింద ఇంట్లోనే వదిలి వెళతాను. ఫొటో తీయాలనిపించినా వెనక్కి రాను. ఇక నీళ్ళు పోసే ముందు మట్టిలో వేలు రెండో కణుపుదాకా గుచ్చి చూస్తాను, తడి తగిలితే ఆ రోజుకు పోయను. వేలు మట్టిలో పెట్టిన ఆ క్షణం నాకు చాలా ఇష్టం. ఎర్రటి ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది.

ఎండాకాలం మాత్రం కష్టమే. ఏప్రిల్, మే నెలల్లో నీడకు గ్రీన్ నెట్ కట్టినా కొన్ని మొక్కలు పోతాయి. ఆ రెండు నెలలు తోటకూర, బచ్చలితో సరిపెట్టుకుంటాను. ఇప్పుడు మొక్క పోతే మట్టి దులిపి, వేరు చూసి, ఎందుకు పోయిందో తెలుసుకుని ఇంకో గింజ పెడతాను. మార్చి నెలాఖరు టెన్షన్ ఇప్పటికీ ఉంది, కానీ మెట్లెక్కి వచ్చాక ఆ రాత్రి నిద్ర పడుతోంది.

మీరు నలభైతో మొదలుపెట్టకండి. ఒక్క వెడల్పాటి టబ్బు చాలు, అడుగున నీళ్ళు పోయే చిల్లులు ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. పోపుల డబ్బాలోని మెంతులే ఈ రాత్రికి నానబెట్టండి. రేపు చల్లి పైన పల్చగా మట్టి కప్పితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు మట్టిని పగలదీసుకుని, మెడ వంచుకుని బయటికి వస్తాయి. అవి తల నిలబెట్టేది పొద్దున పూట కనిపిస్తుంది, కాఫీ గ్లాసు అక్కడికే తెచ్చుకుని చూడండి. వచ్చాక ఎలా ఉందో చెప్పండి, నేను ఎదురుచూస్తుంటాను.