విమానంలోకి పాదరసం ఎందుకు రానివ్వరు?

జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్తున్న ఒక తమ్ముడు అడిగాడు, ఇంట్లో ఉన్న పాత థర్మామీటర్ చేతిబ్యాగులో పెట్టుకుంటే ఏమవుతుందని. వద్దు తమ్మీ. మన ఒంటికి జరిగే హాని ఒక ఎత్తు, విమానానికి జరిగేది ఇంకో ఎత్తు.

చాలా విమానాల బాడీ ఎక్కువగా అల్యూమినియమే. గాలి తగిలితే దాని మీద పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది, అదే దానికి కాపలా. గీత పడ్డచోట పాదరసం చేరిందంటే లోహంలో కలిసిపోయి ఆ పొరను మళ్లీ అతుక్కోనివ్వదు, అల్యూమినియం తెల్లటి బూజులా పైకి లేచి పొడిపొడిగా రాలుతూనే ఉంటుంది, పాదరసం మాత్రం ఖర్చు కాదు, అందుకే ఒక్క బొట్టయినా చాలా దూరం తింటూ పోతుంది. పైగా నీళ్లకన్నా 13.6 రెట్లు బరువు, నేల పలకల కింది సందుల్లోకి జారితే దాన్ని పట్టుకోవడం ఎవరి తరం కాదు.

నా చిన్నప్పుడు హనుమకొండలో మా ఇంట్లో థర్మామీటర్ పగిలితే అమ్మ ఆ గింజలను వేలితో ఏరింది, బంగారు ఉంగరం వెండిలా తెల్లబడింది. మేమంతా ఉంగరం గురించే బాధపడ్డాం. అసలు భయపడాల్సింది ఆవిరికి. వాసన రాదు, పీల్చితే రక్తంలో కలిసి మెదడు, కిడ్నీల దాకా పోతుంది. పగిలితే చీపురు పట్టొద్దు, ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, అట్టముక్కతో సీసాలోకి ఎత్తి మూత బిగించాలి.

విమాన నియమాల్లో సొంత వాడకానికి ఒక చిన్న జ్వరం థర్మామీటర్‌ను గట్టి డబ్బాలో, చెక్-ఇన్ లగేజీలో మాత్రమే ఒప్పుకుంటారు. కొన్ని ఎయిర్‌లైన్లు అదీ వద్దనవచ్చు. డిజిటల్‌ది కొనుక్కో, టెన్షన్ ఉండదు.