లెచ్చె చూడబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రోమ్ నుంచి పొద్దున దక్షిణ ఇటలీలోని లెచ్చె నగరానికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఆలోచన మానుకో. నేరుగా వెళ్లే రైలుకే ఐదు గంటలు దాటుతుంది. దిగేసరికి మధ్యాహ్నమవుతుంది, ఆ వేళ అక్కడ చాలా తలుపులు మూసి ఉంటాయి. రెండు రాత్రులు ఉండు.

ముందు రాయి సంగతి తెలుసుకో. లెచ్చె రాయి తేనె రంగు సున్నపురాయి. గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అన్ని పూలు, పండ్లు, దేవదూతలు చెక్కగలిగింది అందుకే. చిక్కంతా తేమతోనే. నేల నుంచి ఎక్కిన నీటిలోని ఉప్పు రంధ్రాల్లో గడ్డకట్టి రాయిని లోపలినుంచి పగలగొడుతుంది. గోడల అడుగున తేనెపట్టులాంటి గుంటలు కనిపిస్తే కారణం అదే. వాటిని చేత్తో రుద్దకు, పొడి రాలుతుంది.

సాంతా క్రోచె చర్చి 1549లో మొదలై, పూర్తవడానికి సుమారు నూటయాభై ఏళ్లు పట్టింది. నేరుగా గులాబీ కిటికీ (గుండ్రటి పెద్ద కిటికీ) మీదికి చూపు పోనివ్వకు. కింది అంతస్తులో ఆరు నున్నని స్తంభాలు, ఆ పైన బాల్కనీ బరువు మోస్తున్న మనుషుల, మృగాల బొమ్మలు. తలపాగాల వాళ్లు 1571 లెపాంతో యుద్ధంలో చిక్కిన తురుష్క బందీలని చెబుతారు. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లు. ఎండ ఎదురుగా కొడితే చెక్కడం చదునుగా కనిపిస్తుంది, పక్కనుంచి పడితేనే లోతు తెలుస్తుంది. కాబట్టి ఒకే గోడను రెండు పూటలా చూడు.

దువోమో, అంటే ఊరి ప్రధాన చర్చి, దగ్గర అందరూ పొరబడతారు. చౌకులోకి అడుగుపెట్టగానే కనిపించే ఆడంబరమైన ముఖం నిజానికి పక్కగోడ. వచ్చేవాళ్లకు మొదట కనబడేది అదే కనుక 1659–70 పునర్నిర్మాణంలో జుసెప్పె జింబాలో అలంకారమంతా దానికే పెట్టాడు. అసలు ముఖద్వారం సాదాగా ఉంటుంది, చుట్టు తిరిగి చూసిరా. సాంత్ ఒరోంజో చౌకులోని రోమన్ యాంఫిథియేటర్ సగం ఇంకా ఆ చౌకు కిందే ఉంది, గట్టున నిలబడి పది నిమిషాలు చూస్తే చాలు.

చర్చిలకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకో. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందే ప్లాట్‌ఫారం మీద యంత్రంలో ముద్ర వేయించు, మరిచిపోతే జరిమానా.

నువ్వు శాకాహారివి కదా, పాస్తిచ్చోత్తో అనే క్రీము నింపిన పిండివంట విషయంలో జాగ్రత్త. లోపలి క్రీములో గుడ్డు ఉంటుంది, పైపిండిలో సంప్రదాయంగా పందికొవ్వు వేస్తారు. పొరల పిండిలో మొజరెల్లా, టమాటా పెట్టే రుస్తికోలో మాంసం ఉండదుగానీ, దాన్నీ అడిగి తిను. ఐసు మీద బాదంపాలతో ఇచ్చే కాఫీ మాత్రం వదలకు.

కాగితపు గుజ్జు బొమ్మ కొంటే చేతిసంచిలోనే పెట్టుకో. తేలికే, కానీ పెట్టె అడుగున పడితే నలిగిపోతుంది, తడి తగిలితే ఉబ్బిపోతుంది.