కాగితం వెనక వైపు కూడా చూడు

సుధా,

మీ మ్యూజియంలో ఉన్న జర్మన్ చిత్రకారుడు కిర్చ్‌నర్ బెర్లిన్ వీధి చిత్రానికి అతను ముందుగా వేసుకున్న పెన్సిల్ బొమ్మ అమ్మకానికి వచ్చిందనీ, దాన్ని కొనే ఫైలు నీకే అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో! అంతలోనే గుండెల్లో గుబులు కూడా మొదలైంది.

మామూలు పనులు నీకు తెలుసు. కండిషన్ రిపోర్టు రాయించు. గోడకు పెట్టాక వెలుతురు 50 లక్సు దాటనివ్వకు. బొమ్మ మీదున్న తేదీని గుడ్డిగా నమ్మకు, పాత తేదీలు వేసుకోవడం కిర్చ్‌నర్‌కు అలవాటు.

నా టెన్షనంతా జర్మనీలో నాజీల పాలన నడిచిన 1933 నుంచి 1945 దాకా ఆ కాగితం ఎవరింట్లో ఉందన్నదే. పెయింటింగు చరిత్ర శుభ్రంగా ఉందని బొమ్మదీ అలాగే ఉంటుందనుకోకు. వేసిన చెయ్యి ఒకటే అయినా అవి చేరిన ఇళ్లు వేరు కావచ్చు. లింక్ డాక్యుమెంట్లలో ఒక్కటి తగ్గినా మీ తాతయ్య పొలానికి అడ్వాన్సు ఇచ్చేవారు కాదు. నువ్వూ అంత మొండిగా ఉండాలి.

బెర్లిన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. 1980లో అక్కడి బ్రూకే మ్యూజియం కోసం కిర్చ్‌నర్ వేసిన మరో చిత్రం, 'బెర్లిన్ వీధి దృశ్యం' కొన్నారు. ఒకప్పుడది ఎర్ఫుర్ట్‌లో చెప్పుల ఫ్యాక్టరీ నడిపిన ఆల్‌ఫ్రెడ్ హెస్ అనే యూదు కుటుంబీకుడిది. ఆయన 1931లో పోయాడు. నాజీలొచ్చాక వాళ్ల రహస్య పోలీసులు, గెస్టపో వాళ్లు, తనను బెదిరించారని భార్య టెక్లా తర్వాత రాసిచ్చింది. 1936-37 ప్రాంతంలో ఆ చిత్రం మరో సేకర్త చేతికి వెళ్లింది. డబ్బు ఆమెకు ముట్టిందని చూపే రుజువు దొరకలేదు. చివరికి 2006లో వారసులకు తిరిగిచ్చేశారు. అదే ఏడు న్యూయార్క్ వేలంలో 3.8 కోట్ల డాలర్లు పలికింది. చిత్రం చేజారిందని బెర్లిన్‌లో పెద్ద గొడవైంది. నాకు మాత్రం టెక్లా మీదే మనసు పోతుంది. భర్త లేడు, కొడుకు దేశం విడిచి వెళ్లాడు, గుమ్మంలో పోలీసులు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కాగితాన్ని నువ్వు గోడకు తగిలించకూడదే తల్లీ.

అందుకే ముందు దాన్ని ఫ్రేములోంచి తీయించి తిప్పి చూడు. వెనక బాసెల్‌లో వేసిన ఎస్టేట్ ముద్ర, చేత్తో రాసిన నంబరు ఉంటే, 1938లో కిర్చ్‌నర్ పోయాక అతని దగ్గర మిగిలిన సరుకన్నమాట. కాస్త ఊపిరి పీల్చుకో. ముద్ర లేకపోతే ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఎందుకు వదులుకున్నారు, అన్నీ తవ్వాలి. చెరిపేసిన పేరుందేమో పక్క నుంచి లైటు వేసి చూడు.

బొమ్మను ఎక్కువసేపు చూస్తూ కూర్చోకు. వీధిలో నిలబడి గబగబా గీసిన ఆ గీతలు మనిషిని కట్టిపడేస్తాయి, అడగాల్సినవి మరిచిపోతాం. చిన్నప్పుడు నా బల్ల పక్కన చేరి, నేను అతుకు వేసే ప్రతి పాత ఉత్తరాన్నీ చూపించి "ఇది ఎవరిది పెద్దమ్మా?" అని ప్రాణం తీసేదానివి. అమ్మేవాళ్లనూ అలాగే విసిగించు. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనీ.

కమిటీకి పెట్టేముందు వెనక వైపు ఫోటో నాకూ పంపు. రాత్రిళ్లు ఆ ఫైలు ముందేసుకుని తిండి మానేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మీ పెద్దమ్మ