బాగా పాడేవాడు పాడితే తేలిపోయిన పాటలు: రమణ గోగుల గురించి

ప్రశ్న ఇది: "గోదారి గట్టు విన్నాక రమణ గోగుల పాత పాటలు వెతుక్కుని వింటున్నాను. బాలు గారి పక్కన పెడితే ఆయనది గొప్ప గొంతేమీ కాదు కదా. మరి అప్పట్లో కుర్రాళ్లకి ఎందుకంత ఎక్కింది? అన్ని హిట్లు ఇచ్చి ఎందుకు కనబడకుండా పోయారు? ఏవి వినమంటారు?"

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. 1999 నుంచి 2003 దాకా విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతూ ఒక చిన్న ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, కాలేజీ యాన్యువల్ డేలు. చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే. కానీ మీ మొదటి ప్రశ్నకి జవాబు నాకు ఆ ఆర్కెస్ట్రాలోనే దొరికింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1999 జులైలో రమణ గోగుల సంగీతం చేసిన పవన్ కల్యాణ్ సినిమా తమ్ముడు వచ్చింది. ఎంసెట్ రాసేసి కౌన్సెలింగ్ కోసం కాచుక్కూచున్న రోజులు. సినిమాకంటే ముందే క్యాసెట్ అరిగిపోయింది. టేపు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పుకోవడం, చుట్టాలబ్బాయికి అరువిచ్చి మళ్లీ అడగలేకపోవడం, అన్నీ జరిగాయి. అందులో "ట్రావెలింగ్ సోల్జర్", "లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ద మిర్రర్" అని రెండు ఇంగ్లీషు పాటలు ఉన్నాయి. మధ్యలో ఒక ఇంగ్లీషు ముక్క దూర్చడం కాదు, పాటంతా ఇంగ్లీషే. పవన్ కల్యాణ్ చేతుల మీదుగా కారు వెళ్లే ఆ ట్రైనింగ్ సీన్లకి వెనకాల వచ్చేది "ట్రావెలింగ్ సోల్జర్". నేల టిక్కెట్టు జనం అర్థం కాని పాటకి ఈలలు వేశారు. నాకూ సగం మాటలు అర్థం కాలేదు, ఇప్పుడు దాచడమెందుకు.

ఆ సెప్టెంబరులో ఇంట్లో గొడవ పెట్టి సెకండ్ హ్యాండ్ గివ్‌సన్ గిటార్ కొనిపించుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కి, ఎఫ్ కార్డు (కార్డంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు) పట్టడానికి రెండు నెలలు పట్టింది. నాకు నేర్పిన సీనియర్ ఒకాయన "ముందు పవర్ కార్డ్ పట్టు, హీరోలా కనిపిస్తావు" అన్నాడు. పవర్ కార్డ్ అంటే పెద్ద విషయమేమీ కాదు. స, ప, రెండే స్వరాలు. గిటార్ శబ్దాన్ని గర్రుమనిపించే డిస్టార్షన్ పెడల్ తొక్కినప్పుడు మధ్యలో గాంధారం కూడా మోగితే శబ్దం బురదబురదగా ఉంటుంది, అందుకని దాన్ని వదిలేస్తారు. ఆలోచిస్తే మన తంబురా మీటేదీ ఆ స, పలనే. రాక్ గిటార్ అంటే కోపం వచ్చిన తంబురా అని నేను ఇప్పటికీ మా పిల్లలకి చెబుతుంటాను. వాళ్లు నవ్వరు.

ఇక గొంతు సంగతి. మా ఆర్కెస్ట్రాలో మెయిన్ సింగర్ కర్ణాటక సంగీతం ఎనిమిదేళ్లు నేర్చుకున్నవాడు. బాలు పాటలు ఎత్తితే పెళ్లికొచ్చిన పెద్దలు భోజనాలు ఆపి వినేవాళ్లు. యాన్యువల్ డేకి వాడి చేత తమ్ముడులోని "పెదవి దాటని మాటొకటుంది" పాడిద్దామని రిహార్సల్ పెట్టాం. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, ప్రతి మాటా ముత్యంలా పలికాడు. పాట మాత్రం చచ్చిపోయింది. ఎక్కడ లోపమో ఎవరికీ అర్థం కాలేదు. రెండో రోజు వాడికి పరీక్ష ఉండి రాలేదు. మాకు డ్రమ్స్ వాయించేవాడు, జలుబు చేసిన గొంతుతో, ట్రాక్ కోసమని ఊరికే పాడాడు. అంతే, పాట లేచి కూచుంది.

అప్పుడు కూచుని క్యాసెట్ మళ్లీ మళ్లీ తిప్పి విన్నాం. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ఆగుతాయి. మన పాటగాళ్లు నేర్చుకునేదంతా ఆ చివరి అచ్చు మీద ఎలా నిలబడాలి, దాన్ని ఎలా సాగదీసి గమకం వెయ్యాలి అన్నదే. రాక్ పాటకి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. మాట ఠక్కున తెగాలి, డ్రమ్ము దెబ్బ పడే చోట హల్లు పడాలి. రమణ గోగుల చివరి అచ్చుల్ని మింగేస్తారు, లేదా గాలిలోకి వదిలేస్తారు. ఒక్కోసారి దెబ్బకంటే వెంట్రుకవాసి ముందే మాట అందుకుంటారు. గొంతులో ఆ కాస్త బొంగురు, పక్కన కూచుని మాట్లాడుతున్నట్టుండే పలుకు, ఇవి లోపాలు కావు, ఆ బాణీలకి ఒరలో కత్తిలా అమరినవి. తన గొంతు ఎంతవరకు వెళుతుందో తెలిసి, దానికి సరిపడా బాణీ కట్టుకున్న మనిషి ఆయన. వేరేవాళ్ల గొంతు కోసం కట్టిన బాణీ కాదు కాబట్టే మావాడు ఎంత బాగా పాడితే అది అంత చెడింది. ఘంటసాల గారు తన బాణీలు తనే పాడుకున్నారు, అది మనకు కొత్త కాదు. కానీ ఆయనకి ఎక్కడికైనా వెళ్లగలిగే గొంతుంది. ఇక్కడ సంగతి వేరు. ఉన్న గొంతుతో పని జరుపుకోవడం, అదీ ఒక బ్యాండు కుర్రాడి పద్ధతిలో.

బ్యాండు అని ఊరికే అనలేదు. సినిమాల్లోకి రాకముందు ఆయనకి మిస్టీ రిథమ్స్ అని ఒక బ్యాండ్ ఉండేది. 1996లో "ఏ లైలా" అనే పాప్ ఆల్బమ్ వచ్చింది. ఆ కాలం గుర్తున్నవాళ్లకి తెలుసు, 1995లో అలీషా "మేడ్ ఇన్ ఇండియా", 1996లో లక్కీ అలీ "సునో", టీవీ పెడితే ఇండీపాప్. హిందీలో అయితే సినిమా లేకుండా ఒక ఆల్బమ్ మీద బతకొచ్చని నాలుగైదేళ్లపాటు అందరూ నమ్మారు. తెలుగులో ఆ మార్కెట్టే లేదు. ఇక్కడ గిటార్ పట్టుకుని తన పాట తను పాడుకోవాలనుకునేవాడికి సినిమా గుమ్మం ఒక్కటే దారి. ఆయన కూడా అందులోంచే వచ్చారు. 1998లో జయంత్ తీసిన "ప్రేమంటే ఇదేరా", వెంకటేష్, ప్రీతి జింటా. మరుసటి ఏడు తమ్ముడు. 2000లో పూరి జగన్నాథ్ మొదటి సినిమా బద్రి, అదే ఏడు మహేష్ బాబు యువరాజు.

ఇంకొక మాట. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి గాయకులు మాటలు కూడా తామే రాసుకుంటారు. మన సినిమాలో అది కుదరదు, తెలుగు పాటలకి సాహిత్యం ఎక్కువగా వేరేవాళ్లదే. అయినా బాణీ, వాయిద్యాల ధోరణి, చాలాసార్లు గొంతు కూడా ఒక్కరివే కావడంతో పాట మొత్తం ఒకే మనిషి నుంచి వచ్చినట్టు ఉండేది. అప్పట్లో మణిశర్మ జోరు నడుస్తోంది, ఎస్.ఎ. రాజ్‌కుమార్ మెలొడీలు ఇంటింటా మోగుతున్నాయి. వాళ్ల పాటల్లో వయొలిన్లు వరదలా వస్తాయి. రమణ గోగుల పాటలో గిటార్, బేస్, డ్రమ్స్, ఎవరెక్కడ నిలబడ్డారో చెవికి కనిపిస్తుంది. నాలుగు వాయిద్యాలు ఉన్న ఆర్కెస్ట్రా కుర్రాళ్లకి ఇది ఎంత పెద్ద వరమో చెప్పలేను. మణిశర్మ పాట ఎత్తుకుంటే ఒక్క కీబోర్డు వాడి మీద పాతిక మంది పని పడేది. "వయ్యారి భామా" అయితే మేం నలుగురం చాలు.

చాలు అనుకున్నాం గానీ, విజయనగరం దగ్గర ఒక పెళ్లిలో పరువు పోయింది. పాట గిటార్‌తో మొదలవ్వాలి. అప్పు తెచ్చిన డిస్టార్షన్ పెడల్ గర్వంగా తొక్కాను. రెండు సెకన్లు గర్రుమంది, తర్వాత చప్పుడే లేదు. తీగలు కొడుతూనే ఉన్నాను, పెళ్లివారు నన్నే చూస్తున్నారు. మైకు సెట్టాయన మిక్సర్ దగ్గర్నుంచి చెయ్యి ఊపి, అందరికీ వినబడేలా, "బాబూ, నీ వైరులో ఏదో గొరగొర వస్తంది, ఆపేసినాను, వేరే వైరు మార్చుకో" అన్నాడు. అది వైరు తప్పు కాదు, అలాగే ఉండాలి అని చెబితే ఆయన నమ్మలేదు. "పాతికేళ్ల బట్టి సెట్టు కడతన్నాను, నాకు తెల్దా" అన్నాడు. ఆ రాత్రంతా మామూలు గిటారే వాయించాను. సభలో పెద్దాయన ఒకరు "ఇప్పుడు బాగుంది నాయనా" అని మెచ్చుకున్నారు కూడా. తెలుగు దేశంలో రాక్ సంగీతం ఎందుకు పెరగలేదని ఎవరైనా గంభీరంగా చర్చిస్తే నాకు ఆ మైకు సెట్టాయన గుర్తొస్తాడు.

ఎందుకు కనబడకుండా పోయారన్నది మీ రెండో ప్రశ్న. అసలు ఎప్పుడూ ఏడాదికి పది సినిమాలు చేసిన మనిషి కాదు. ఆయనకి సాఫ్ట్‌వేర్ రంగంలో వేరే జీవితం ఉంది, సినిమా ఒక్కటే బతుకుతెరువు కాదు. 2003లో పవన్ కల్యాణ్ దర్శకత్వం చేసిన జానీ మీద పెట్టుకున్న ఆశలు మీరు ఊహించలేరు. మా హాస్టల్లో క్యాసెట్ వచ్చిన రోజు రాత్రి ఎవరూ పడుకోలేదు. పాటలు నిజంగా వింతగా, ధైర్యంగా ఉన్నాయి. "నారాజుగాకురా మా అన్నయ్యా" లాంటిది ఒక పెద్ద హీరో సినిమాలో పెట్టడం అప్పటికి మామూలు విషయం కాదు. సినిమా పోయింది, సినిమాతో పాటు పాటలూ పోయాయి. మన దగ్గర పాటకి విడిగా ప్రాణం ఉండదు, అదే బాధ. తర్వాత 2006లో లక్ష్మి, అన్నవరం, 2007లో యోగి. నా అభిప్రాయం అడిగితే యోగి నాటికి ఆయన అందరిలాగే మాస్ పాటలు కడుతున్నారు. "ఓరోరి యోగి" జనానికి బాగా ఎక్కింది, కాదనను, కానీ అందులో నాకు ఆ బ్యాండు కుర్రాడు కనబడలేదు. మరోపక్క దేవిశ్రీ ప్రసాద్ 2004లో ఆర్య చేసేనాటికి గిటార్ గోల అందరి ఇంటి సరుకైపోయింది. 2009లో బోణీ, 2013లో తేజ తీసిన 1000 అబద్ధాలు, అక్కడక్కడ మెరిసి ఆగిపోయారు. ఎవరో తొక్కేశారని కొందరు కథలు అల్లుతుంటారు. నాకు ఆ కథల మీద నమ్మకం లేదు. వేరే పనుండి వెళ్లిన మనిషిలాగే నాకు అనిపిస్తుంది.

2024 డిసెంబరులో "గోదారి గట్టు" వచ్చినప్పుడు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. మొదటి లైను పూర్తికాకముందే గొంతు గుర్తుపట్టి ఒళ్లు జలదరించింది. బాణీ భీమ్స్‌ది, సాహిత్యం భాస్కరభట్లది, సినిమా అనిల్ రావిపూడి "సంక్రాంతికి వస్తున్నాం". తెర మీద మళ్లీ వెంకటేషే. వేరొకరి బాణీకి కేవలం గాయకుడిగా వచ్చి ఆయన మెప్పించడం చూస్తే, పైన నేను చెప్పిన సిద్ధాంతం కాస్త తప్పేమో అనిపించింది. కానీ జాగ్రత్తగా వింటే భీమ్స్ తెలివి తెలుస్తుంది. పక్కన పెట్టింది ఎవరిని? మధుప్రియని. తెలంగాణ జానపదంలోంచి, తెరిచిన గొంతుతో పాడే అమ్మాయి. సినిమా గొంతులకి ఉండే నునుపు ఇద్దరికీ లేదు. ఆవిడ విసురు, ఈయన బొంగురు, రెండూ మొగుడూ పెళ్లాల దెప్పుళ్లలా సరిపోయాయి. ఇద్దరిలో ఒకరి బదులు పద్ధతిగా పాడే గొంతును పెట్టి ఊహించుకోండి, మా రిహార్సల్ గదిలో మొదటి రోజే అవుతుంది.

మా డ్రమ్స్ వాడు ఇప్పుడు అనకాపల్లి దగ్గర స్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. ఆ సాయంత్రం వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఒరే, విన్నావా, జలుబు ఇంకా తగ్గలేదురా ఆయనకి" అని నవ్వాడు.

ఏవి వినాలంటే, తమ్ముడు క్యాసెట్ మొత్తం వరసలో వినండి, ఇంగ్లీషు పాటలు దాటెయ్యొద్దు. తర్వాత బద్రిలో "ఏ చికీతా", "వేవేల మైనాల గానం", "బంగాళాఖాతంలో". మూడోది జానీ, సినిమా చూడకుండా పాటలు మాత్రమే. ప్రేమంటే ఇదేరా ఎప్పుడైనా వినొచ్చు, హాయిగా ఉంటుంది. యోగి చివర్న, ఓపికుంటే. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, బేస్ గిటార్ అసలు వినబడదు, ఆయన పాటల్లో సగం పని అక్కడే జరుగుతుంది. మంచి ఇయర్‌ఫోన్లు లేకపోతే రాత్రిపూట కారులో పెట్టుకోండి.